చుట్టం కొండెక్కినాడు

మా పక్కింటి సుబ్బనరసమ్మ చెప్పింది. ఆమెకు మండలాఫీసు ముందర టీ అంగడి పెట్టుకున్న మరిది చెప్పినాడంట. వాడికి ఆఫీసులో ఫైళ్ళు మోసే మనిషి టీ తాగుతా చెప్పినాడంట. కొండల కింద ఉండే ఊళ్ళకు సర్కారు డబ్బులు పంచబోతోందని! ఎందుకయ్యా అంటే, కొండమీదికి చుట్టం రాకుండా చూసుకునేదానికని. సుబ్బనరసమ్మ ఏం చెప్పినా సగం కొట్టేసి వినడం మా వీధిలో అలవాటు. ఈసారి మేం కొట్టేసిన సగమే నిజమని తేలింది.

చుట్టం అంటే ఎవరో బయటివాళ్ళకు చెప్పాలి.

మా కోనరాజుపల్లె నక్కలకొండ కాళ్ళ దగ్గర ఉంటుంది. కొండ నిండా బోదగడ్డి. వానాకాలంలో మనిషెత్తు పెరుగుతుంది, మాఘం దాటితే ఎండి పెళపెళలాడుతుంది. ఆ తర్వాత ఎవడో బీడీ ముక్క పారేస్తాడు. కొండమీద ఎర్రటి వరస ఒకటి పాకుతూ కనబడుతుంది. దాన్ని మావాళ్ళు పేరు పెట్టి పిలవరు. పొద్దుగూకితే పామును పురుగు అన్నట్టే, దాన్ని చుట్టం అంటారు. పొయ్యిలో ఉంటే నిప్పు, బీడీ కొనన ఉంటే అగ్గి, కొండమీద ఉంటే చుట్టం. పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడని భయం.

"పిలవకుండా వస్తాడు, ఉన్నదంతా తింటాడు, పొమ్మంటే పోడు. చుట్టం కాకుంటే ఇంకేం రా?" అంటుంది ఓబులమ్మవ్వ.

ఆర్పినాము అని కూడా అనరు. ఇంట్లో దీపం ఆరిపోతే ఆరిందంటామా? కొండెక్కిందంటాం. ఇదీ అంతే. చుట్టాన్ని కొండెక్కించినాము అంటే, పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేసినాము అని.

ఈ భాషతో మాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఊరంతా ఒకే భాష మాట్లాడుతుంది, చుట్టానికి కూడా ఆ భాష వచ్చు.

ఓబులమ్మవ్వ గురించి కొంచెం చెప్పాలి. ఊరికి కొండవైపు చివర ఆమె మేకల కొట్టం. మొగుడు పోయినప్పటినుంచి ఆ మేకలే ఆమె కూడు, ఆమె సంసారం. చుట్టం కిందికి దిగితే మొదట కాలు పెట్టేది ఆ కొట్టంలోనే. అందుకే వెనక మా పెద్దలు ఏటా మాఘంలో కొండకూ ఊరికీ నడుమ, రెండు బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పున, గడ్డి చెక్కి నేల బయటపెట్టేవాళ్ళు. దాన్ని కొండకు పాపిట తీయడం అనేవాళ్ళు. దిగివచ్చిన చుట్టం పాపిట దాకా వచ్చి, తినేదానికి ఏమీ లేక అక్కడే కూలబడేవాడు.

ఆ జాగా రిజర్వు అడవి కిందికి పోయినాక పాపిట ఆగిపోయింది. ఇప్పుడక్కడ గడ్డిపోచ పీకినా కేసు. అనుమతి ఉంటే పీకవచ్చు. ప్రాజెక్టు ఉంటే అనుమతి ఇస్తారు.

కాబట్టి సుబ్బనరసమ్మ వార్త వినగానే ఓబులమ్మవ్వ మా ఇంటికొచ్చి అరుగు మీద కూచుంది.

"అబ్బీ, ఆ డబ్బులేవో మనకూ అడుగు. పాపిట తీయాల. కొండ కింద ఒక నీళ్ళ ట్యాంకు కట్టాల. ఇంకేం వద్దు నాకు."

ఊర్లో డిగ్రీ చదివి ఊర్లోనే మిగిలినవాణ్ణి నేనొక్కణ్ణే. అర్జీలన్నీ నా వంతే. సర్పంచి పెంచలయ్య సంతకం పెట్టినాడు. అర్జీ పోయింది.

పోయిన అర్జీకి బదులుగా మనిషే వచ్చినాడు. అతని పేరు భార్గవ్. 'దావానల పూర్వసన్నద్ధతా మిషన్' వాళ్ళు పల్లెలకు నిధులు తెచ్చుకోవడంలో తోడు ఉండేదానికి నియమించిన మనిషి. ఉద్యోగం పేరు నిధిమిత్ర. పాపం, మంచి కుర్రాడు. నిధులు ఎక్కడున్నాయో అతనికి తెలుసు, మిత్రులు ఎవరో తెలియదు.

బడి వరండాలో తెర కట్టి బొమ్మలు చూపించినాడు. "నిప్పు అంటే ఏమిటి? నిప్పు ఎలా వ్యాపిస్తుంది? మీ కొండకు నిప్పు అంటుకుంటే..." అంటా మొదలుపెట్టినాడు. అతను నిప్పు అన్నప్పుడల్లా ఓబులమ్మవ్వ చెంబులో వేళ్ళు ముంచి నేలమీద నీళ్ళు చిలకరించింది, దిష్టి తీసినట్టు. సగం ప్రసంగంలోనే చెంబు ఖాళీ అయింది.

"ఆ పిల్లోణ్ణి నోరు మూసుకోమను అబ్బీ," అంది నాతో. "కొండకు చెవులుండాయి."

చివరికి భార్గవ్ అసలు సంగతికి వచ్చినాడు.

"నిధులు రావాలంటే గ్రామానికి అగ్నిచరిత్ర ఉండాలండీ. మీ కొండ అవతల గంగిరెడ్డివారిపల్లె ఉంది చూడండి, వాళ్ళది అద్భుతమైన అగ్నిచరిత్ర! ఒక్క ఏడాదిలో వాళ్ళ వైపు కొండ మొత్తం పోయింది. మొదటి విడతలోనే ఎంపికయ్యారు."

"ఇప్పుడు వాళ్ళ కొండమీద కాలేదానికి ఏముంది సార్?" అన్నాడు పెంచలయ్య.

"ఏమీ లేదు. అందుకే వాళ్ళ సన్నద్ధత సూచిక రాష్ట్రంలోనే అగ్రస్థానంలో ఉంది." భార్గవ్ గొంతులో మెచ్చుకోలు. "మీ ఊరి చరిత్రలో మాత్రం ఒక్క దావానలం కూడా నమోదు కాలేదండీ."

ఊరంతా భగ్గుమంది. ఈ మాట కూడా మావాళ్ళు ఒప్పుకోరు గానీ, వేరే మాట నాకు దొరకలేదు. ఏటా నాలుగైదు సార్లు కొండెక్కి, వెంట్రుకలు మాడ్చుకొని కొట్టి వచ్చేవాళ్ళం. వచ్చిన ప్రతిసారీ అటవీ సమాచార కేంద్రానికి ఫోను చేసి చెప్పేవాళ్ళం. ఎన్నిసార్లు చేసినా ఎవరూ రాలేదు. సర్కారంటే అంతేలే అనుకున్నాం.

భార్గవ్ తన కంప్యూటరులో వెదికినాడు. మొహం వెలిగిపోయింది.

"ఉన్నాయండీ! మీ ఊరినుంచి చాలా ఫోన్లు ఉన్నాయి. 'కోనరాజుపల్లె. చుట్టం వచ్చినాడు. మేకలోళ్ళు చూసినారు. ఊరంతా ఎదురుపోయినాము. మధ్యాహ్నానికి కొండెక్కించినాము.' ఇంకోటి, 'చుట్టం పెద్ద గుంపుతో వచ్చినాడు. రెండు దినాలు ఉన్నాడు. కష్టమ్మీద కొండెక్కించినాము.' ఇవన్నీ 'అతిథుల రాకపోకలు' అనే విభాగంలో ఉన్నాయి. పక్కన రిమార్కు కూడా రాశారు, 'ట్రెక్కింగ్' అని."

పెంచలయ్య నా వంక చూసినాడు. నేను తెర వంక చూసినాను.

దీన్ని సరిచేయించుకోవాలని పెంచలయ్య, నేను, ఓబులమ్మవ్వ కలిసి జిల్లా ఆఫీసుకు పోయినాము. అక్కడ డిప్యూటీ డైరెక్టరు సత్యవ్రతం గారు. మాట్లాడేటప్పుడు కూడా ఆయన వాక్యాలకు మార్జిను వదులుతాడు.

"సదరు గ్రామం నుండి అందిన సమాచారమంతయు అతిథుల రాకపోకలకు సంబంధించినదని రికార్డు ఘోషిస్తున్నది," అన్నాడు.

"సార్, మా ఊర్లో చుట్టమంటే అగ్గి సార్," అన్నాను.

ఆయన బీరువా తెరిపించి నిఘంటువు తెప్పించినాడు. కళ్ళద్దాలు తుడుచుకొని చదివినాడు. "చుట్టము: బంధువు, స్నేహితుడు. దీనికి సరిగ్గా పైనున్న మాట 'చుట్ట'. పొగాకుతో చేయబడునది. అగ్నికి నిఘంటువు ఇంతకన్నా సమీపంగా రాలేదు. నేను మాత్రం ఏం చేయగలను?"

"పోనీ అవ్వను అడగండి సార్."

ఆయన ఓబులమ్మవ్వ వైపు తిరిగి, కోర్టులో అడిగినట్టు అడిగినాడు. "అమ్మా, ఎండాకాలంలో మీ కొండమీదికి వచ్చునది ఏమిటి?"

"చుట్టం," అంది అవ్వ.

"చుట్టం అనగా?"

"చుట్టం అనగా చుట్టమే."

"అవ్వా, ఇది కొండ కాదు, ఆఫీసు. ఇక్కడ చెప్పొచ్చు," అన్నాను చెవిలో.

అవ్వ కిటికీలోంచి చూసింది. దూరాన, నీలంగా, మా కొండ కొన కనబడుతోంది. "ఆడనించి చూస్తాండాది," అని నోరు మూసుకుంది.

సత్యవ్రతం గారు చేతులు చాచినాడు, ఇంకేం కావాలన్నట్టు. తర్వాత గొంతు తగ్గించి మా మేలు కోరి ఒక మాట చెప్పినాడు. "మీరు మాట మార్చుకోదలిస్తే మార్చుకోవచ్చు. అయితే ఇన్ని సంవత్సరములూ ప్రభుత్వమునకు తప్పుడు సమాచారం ఇచ్చినట్లు రాసి ఇవ్వవలసి ఉంటుంది. పైగా శిక్షణ లేని వ్యక్తులు అనుమతి లేకుండా రిజర్వులో ప్రవేశించి, దావానలమును కర్రలతో కొట్టి, దాని విధులకు ఆటంకం కలిగించినట్లు కూడా ఒప్పుకొన్నట్లవుతుంది."

"వద్దు సార్," అన్నాడు పెంచలయ్య వెంటనే. "చుట్టాలే సార్. మా చుట్టాలే. మా పెళ్ళాం తరపువాళ్ళు."

సత్యవ్రతం గారి మొహం విచ్చుకుంది. "ఎందుకు దిగులు? ఇంత అతిథి ప్రవాహమున్న గ్రామం ఈ జిల్లాలో మరొకటి లేదు. అది కూడా మండుటెండలలో! ఇంకెక్కడికీ ఎవరూ వెళ్ళని కాలంలో! పర్యాటక నిధులతో మీ అర్జీని సమ్మిళితం చేస్తాను. పాపిట అని రాశారు. ఊరికీ కొండకూ మధ్య ఒక వరుస, అంతేగా? ఆ వరుసలోనే పర్యావరణ కుటీరాలు వస్తాయి."

"ఆ గుడిసెలు దేంతో కప్పుతారు సార్?" అనడిగింది ఓబులమ్మవ్వ.

"స్థానికంగా లభ్యమగు సహజ పదార్థంతో. బోదగడ్డితో."

అవ్వ నా వైపు తిరిగి నిదానంగా అంది. "చుట్టానికి విస్తరి ముందుగానే వేస్తాండారు అబ్బీ."

"మరి నీళ్ళ ట్యాంకు సార్?" అన్నాను.

"అతిథులు సీసా నీరు తాగుదురు." ఆయన ఎర్రకలం తీసి మా అర్జీలో ట్యాంకు మీద అడ్డంగా గీత కొట్టినాడు. కొట్టి, ఆ గీత కింద సంతకం కూడా చేసినాడు.

నిధులు ఎంత తొందరగా వచ్చినాయంటే, మాకే అనుమానం వచ్చింది. పాపిట తీయాల్సిన చోట కుటీరాలు లేచినాయి. అడివంచు పొడుగునా, ఒకదాని చూరు ఒకదానికి తగిలేటట్టు, పైనుంచి కింది దాకా ఎండుగడ్డి. అక్కడ గడ్డి పీకితే నేరం కాబట్టి గంగిరెడ్డివారిపల్లె అవతలినుంచి లారీల్లో తెప్పించి మరీ కప్పినారు. నడుమ గుండ్రంగా రాళ్ళు పేర్చి, పక్కన కట్టెలు దొంతర పెట్టినారు. అదేమిటని అడిగితే భార్గవ్ చెప్పినాడు, క్యాంప్‌ఫైర్ అని. సాయంత్రం అతిథులు చుట్టూ కూచొని పాటలు పాడుకుంటారంట. ఆర్పేదానికి పైసా రాలేదు గానీ రగిలించేదానికి పద్దు వచ్చిందన్న మాట.

మాకు శిక్షణ కూడా ఇచ్చినారు. బస్తీనుంచి ఆతిథ్య నిపుణుడొకాయన వచ్చి వరండాలో నిలబడినాడు. భార్గవ్ పక్కన కూచొని జవాబులు రాసుకుంటున్నాడు.

"చుట్టం వచ్చాడని తెలియగానే మీరు మొట్టమొదట ఏం చేస్తారు?" అనడిగినాడు నిపుణుడు.

"పచ్చి కొమ్మలు ఇరుసుకొని పరిగెత్తుతాము," అన్నారు అందరూ ఒకే గొంతుతో.

"చాలా బాగుంది! తంగేడు కొమ్మలతో సంప్రదాయ స్వాగతం. రాసుకో భార్గవ్. తర్వాత?"

"కొట్టుతాము."

"డప్పులు," అని భార్గవ్ తనంతట తానే రాసుకున్నాడు.

"అందరూ ఒకే వైపునుంచి వెళ్తారా?"

"గాలికి ఎదురు పోకూడదు సార్," అన్నాడు పెంచలయ్య. "వీపు పక్కనించి పోవాల. మొహానికి ఎదురుపడితే మీసాలుండవు."

"అతిథి ఏకాంతాన్ని గౌరవిస్తారు," అని రాసుకున్నాడు భార్గవ్.

"మరి ఆయన అలసిపోతే?"

"అలసిపోతే సంతోషమే గదా సార్. ఇంకో నాలుగు వేసి కొండెక్కిస్తాము. పూర్తిగా పోయినాడో లేదో చేత్తో తడిమి చూసి, మట్టి కప్పి వస్తాము."

నిపుణుడు భార్గవ్ వైపు తిరిగినాడు. "మట్టి..?"

"ఆయుర్వేదం సార్," అన్నాడు భార్గవ్. "మృత్తికా స్నానం."

మాకందరికీ సర్టిఫికెట్లు ఇచ్చినారు. ఓబులమ్మవ్వకు అందరికన్నా పెద్దది. 'అతిథి సత్కార సారథి' అంట. ఆమె దాన్ని మేకకు చూపించింది. మేక వాసన చూసి మొహం తిప్పుకుంది.

ఆ పూటే అవ్వ కొట్టం మీదికి నిచ్చెన వేసుకుంది. పైకప్పు గడ్డి కట్టలు కట్టలుగా పీకి దూరంగా పారేయడం మొదలుపెట్టింది. ఆ గడ్డి ఆమె ఏడాది పొడుగునా చేరేసుకున్నది. చూసేవాళ్ళకు మతి చలించిందేమో అనిపించింది. సుబ్బనరసమ్మ ఆ మాట అప్పుడే రెండు వీధుల్లో పంచేసి వచ్చి, కింద నిలబడి అడిగింది.

"ఏందత్తా, మండే ఎండలో మేకల నెత్తిన నీడ తీసేస్తాండావు?"

"ఎండకు మేకలు చావవు లేవే," అంది అవ్వ పైనుంచి.

వాసాలు, గుంజలు మిగిలినాయి. ప్రారంభోత్సవానికి ముందుగా చూసిపోయేదానికి వచ్చిన సత్యవ్రతం గారు ఆ అస్థిపంజరాన్ని చూసి ముక్కు చిట్లించినాడు. అతిథుల దృష్టికి అది అభ్యంతరకరమన్నాడు. పీకేయమంటే అవ్వ ససేమిరా అంది. చివరికి ఒక పెద్ద ఫ్లెక్సీ తెచ్చి కొట్టానికి అడ్డంగా కట్టినారు. దాని మీద చేతులు జోడించిన సత్యవ్రతం గారి బొమ్మ, పక్కన 'చుట్టమా, సుస్వాగతం' అనే అక్షరాలు. వాళ్ళు జీపెక్కగానే అవ్వ దాన్ని ఊడదీసి, మడిచి, పెంచలయ్య చేతిలో పెట్టింది.

"ఇది కూడా కాలిపోయేదే," అంది. "నీ ఇంట్లో పెట్టుకో."

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నుంచీ వడగాలి. షామియానా కొయ్యలు కదులుతున్నాయి. వేదిక ఊరివైపు మొహం పెట్టి వేసినారు. అంటే పెద్దల వీపులకు కుటీరాలు, వాటి వెనక కొండ. ఓబులమ్మవ్వ తెల్లవారకముందే మేకల్ని తోలుకపోయి, దున్ని వదిలేసిన శెనిక్కాయ చేలో నడిమధ్యన కట్టేసి వచ్చింది. ఆ చేలో గడ్డిపోచ లేదు. మేకలు అరుస్తున్నాయి. సారథి కాబట్టి అవ్వ చేతికి హారతి పళ్ళెం, ఇత్తడి చెంబు ఇచ్చి వేదిక పక్కన నిలబెట్టినారు.

ఒకటే లోటు. అతిథి లేడు. బస్తీనుంచి రావాల్సిన బస్సు రాలేదు. రెండు గంటలు ఉపన్యాసాలతో నెట్టుకొచ్చినారు. సత్యవ్రతం గారు మైకు ముందు నిలబడి, "అతిథి ఎక్కడో లేడు. మీ నిరీక్షణలోనే ఉన్నాడు," అంటున్నప్పుడు, జనంలో వెనకనుంచి ఎవరో లేచి చెయ్యి చాపినారు.

"చుట్టం వచ్చినాడు!"

ఊరంతా ఒక్కసారిగా లేచింది. అందరి చూపూ పెద్దల నెత్తిన దాటి కొండమీదికి పోయింది. కొండ నడుమన సన్నగా పొగ, దాని కింద ఎర్రటి వరస. గాలి దాన్ని కిందికే తోస్తోంది.

"చుట్టం! చుట్టం దిగుతాండాడు!"

మగవాళ్ళు తంగేడు పొదల మీద పడినారు. ఆడవాళ్ళు కొంగులు బిగించినారు. కొమ్మలు ఫెళఫెళమని విరుగుతున్నాయి. భార్గవ్ సంతోషం పట్టలేక ఫోను పైకెత్తి బొమ్మ తీస్తున్నాడు. "శిక్షణ ఫలించింది సార్! కొమ్మలు చూడండి!"

"డప్పులు!" అని మైకులో అరిచినాడు సత్యవ్రతం గారు. "డప్పులేవి? ఎవరూ ఎదురెళ్ళి తొందరపెట్టకండి! దారి వదలండి! అతిథిని నింపాదిగా రానివ్వండి! కుటీరాల దాకా రానివ్వండి!"

నేను వేదిక దగ్గరికి ఉరికినాను. "సార్, అది... సార్, వెనక..." అన్నాను. ఎదురుగా కొండ, దాని మీదినుంచి దిగుతున్న చుట్టం. డిగ్రీ చదివిన నా నాలుక కూడా తిరగలేదు. "చుట్టం సార్!" అని మాత్రమే బయటికొచ్చింది.

"తెలుస్తోందయ్యా, వింటున్నాం," అని నన్ను పక్కకు జరిపినాడు. పూలదండ సరిచేసుకున్నాడు. కుటీరాల చూరు మీద మొదటి నుసి వచ్చి వాలింది, నల్లగా, తేలిగ్గా. ఒకటి ఆయన భుజం మీద కూడా వాలింది. దులుపుకున్నాడు.

"అమ్మా, ఓబులమ్మ గారూ! అలా నిలబడిపోయారేం?" అని మైకు తీసుకొని కిందికి వంగినాడు. "మన సంప్రదాయం ఏమిటి? చుట్టం రాగానే మొట్టమొదట ఏమివ్వాలి? కాళ్ళకు నీళ్ళు! కానివ్వండి, మీరే మా సారథి!" మైకు ఆమె నోటి ముందర పెట్టినాడు.

ఓబులమ్మవ్వ చెంబులోకి చూసింది. ఆయన భుజం మీదుగా కొండకేసి చూసింది. చెంబు తీసుకొచ్చి వేదిక మీద, ఆయన కాళ్ళ ముందర పెట్టింది.

"ఈ చెంబెడు నీళ్ళు ఆయన కాలి బొటనవేలికి కూడా చాలవు సార్. దానికే ట్యాంకు అడిగితిమి, నువ్వు గీత కొట్టేస్తివి. నీ గుడిసెలు ఎతుక్కుంటా నీ వెనకాలే వచ్చినాడు, ఆ మాట వెనక్కి తిరిగి ఆయనకు నువ్వే చెప్పుకో."